చిట్టెం నిండిన నేలలో తొలి కొలిమిని వెతకడం: ఫాలింగ్ క్రీక్ లాంటి చోట జియోఫిజికల్ సర్వే

ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఫాలింగ్ క్రీక్ అనే వాగు ఒడ్డు లాంటి చోట, 1600ల తొలినాళ్ల ఇనుప కార్ఖానా ఆనవాళ్ల కోసం తవ్వకానికి ముందు సర్వే చేయాలి. వాగు ఒడ్డు, చెట్లు, దగ్గర్లోనే రోడ్డు. మాగ్నెటోమీటర్ (నేలలోని అయస్కాంత తేడాలు కొలిచే పరికరం) ఒక్కటి తీసుకెళ్తే సరిపోతుందా? సిగ్నల్ ఎక్కడ బలంగా వస్తే అక్కడే కొలిమి ఉందనుకోవచ్చా?

రెండింటికీ జవాబు కాదనే. రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది దారి తప్పుతారు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఫాలింగ్ క్రీక్ చరిత్రలోనే దీనికి కారణం ఉంది. వర్జీనియా కంపెనీ 1619లో అక్కడ ఇనుప కార్ఖానా పని మొదలుపెట్టింది. పంపిన ముఖ్యులు ఒకరి తర్వాత ఒకరు చనిపోవడంతో పని నత్తనడక నడిచింది. 1621లో జాన్ బర్క్‌లీ పనివాళ్లతో వచ్చి పగ్గాలు తీసుకున్నాడు. 1622 మార్చి 22న పౌహాటన్ల (అక్కడి స్థానిక తెగల) దాడిలో కార్ఖానా ధ్వంసమైంది, అక్కడ 27 మంది చనిపోయారు. అంటే ఆ బ్లాస్ట్ ఫర్నేస్ (తిత్తుల గాలితో ఖనిజాన్ని కరిగించే కొలిమి) నడిచినా నడిచింది కొద్దికాలమే. ఆ తర్వాత 18వ శతాబ్దంలో ఆర్చిబాల్డ్ క్యారీ అదే వాగు మీద ఫోర్జ్ (ఇనుమును కాచి సమ్మెటతో కొట్టే కార్ఖానా) పెట్టాడు. అది చాలా ఏళ్లు నడిచింది. 1781లో బ్రిటిష్ సైన్యం దాన్ని తగలబెట్టింది. ఆపైన మిల్లులు, రోడ్లు, వంతెనలు, వరదలు వచ్చాయి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. మీరు వెతికే తొలి కొలిమి మిగిల్చిన చిట్టెం (ఖనిజం కరిగించాక మిగిలే వ్యర్థం) తక్కువ, కాలిన మట్టి కూడా తక్కువే. దానికి నూరేళ్లకు పైగా గడిచాక వచ్చిన ఫోర్జ్ మిగిల్చింది మాత్రం ఎక్కువ, పైగా అయస్కాంత గుణంలో అదే బలమైనది. కాబట్టి సర్వే మ్యాపులో అన్నిటికంటే నల్లగా, తెల్లగా మెరిసే చోటు మీరు వెతికేది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఇలాంటి స్థలంలో వెతకాల్సింది నీళ్ల దారి. కొలిమి దాని పక్కనే ఉంటుంది.

ఆ కాలపు బ్లాస్ట్ ఫర్నేస్ ఎక్కడ పడితే అక్కడ కట్టేది కాదు. రాతి కట్టడం అడుగున దాదాపు 6 నుంచి 8 మీటర్ల చదరం ఉంటుంది. ఖనిజాన్ని, కర్రబొగ్గును పైనుంచి పోయాలి కాబట్టి మిట్టకు ఆనించి కడతారు, మిట్ట మీంచి కొలిమి నోటి దాకా చెక్క వంతెన వేస్తారు. ఒక పక్క తిత్తులు, వాటిని ఊదించే నీటి చక్రం. ఇంకో పక్క ఇనుము పోత పోసే ఇసుక నేల. చక్రానికి నీళ్లు తెచ్చే ఎగువ కాలువ, చక్రం తిరిగే గుంత, నీళ్లు వాగులోకి వెళ్లిపోయే దిగువ కాలువ, ఇవన్నీ ఒకే వరుసలో ఉంటాయి. మసాచుసెట్స్‌లోని సాగస్‌లో 1646 ప్రాంతంలో మొదలైన హామర్‌స్మిత్ కార్ఖానాను 1948 నుంచి 1953 వరకు తవ్వినప్పుడు ఈ అమరిక స్పష్టంగా బయటపడింది. నీళ్లలో నానిన మట్టి వల్ల నీటి చక్రం చెక్క కూడా కొంత చెక్కుచెదరకుండా దొరికింది. మీ మ్యాపు పక్కన సాగస్ ప్లాను పెట్టుకోండి. ఒక భాగం దొరికితే మిగతావి ఏ పక్క ఎంత దూరంలో ఉండాలో దాన్నిబట్టి ముందే ఊహించవచ్చు.

అందుకే మొదటి పని నేల మీద పరికరాలతో కాదు, లైడార్‌తో (విమానంలోంచి లేజర్‌తో కొలిచిన నేల ఎత్తుల డేటాతో). అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల 1 మీటరు ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఒకే దిక్కు వెలుగుతో హిల్‌షేడ్ (నేల మిట్టపల్లాల నీడల చిత్రం) చేసి వదిలేయకండి. కనీసం ఎనిమిది దిక్కుల నుంచి చేయండి, స్థానిక ఎత్తుపల్లాల మ్యాపు కూడా వేయండి. వాగుకు సమాంతరంగా, దాదాపు ఒకే ఎత్తులో సాగే సన్నని గాడి కనిపిస్తే అది పాత కాలువ కావచ్చు. వాగుకు అడ్డంగా రెండు ఒడ్లనుంచీ పొడుచుకొచ్చిన మట్టి దిమ్మలు పాత ఆనకట్ట కావచ్చు. ఏ కాలానిదో లైడార్ చెప్పదు. ఎగువన ఆనకట్ట ఎత్తు, దిగువన వాగు మట్టం, ఈ రెంటి మధ్య తేడా చూస్తే చక్రానికి ఎంత పతనం (నీళ్లు కిందికి పడే ఎత్తు) దొరికేదో తెలుస్తుంది. ఆ పతనం చాలని చోట కొలిమి ఉండదు. వెతకాల్సిన నేలలో పెద్ద భాగం ఇక్కడే తగ్గిపోతుంది.

రోడ్డు, వంతెన, మురుగు పైపుల ఇంజనీరింగ్ డ్రాయింగులు కూడా అప్పుడే సంపాదించండి. మ్యాగ్నెటిక్ మ్యాపులో పైపు పొడవాటి గీతలా, ప్లస్ మైనస్ (క్షేత్రం మామూలు కంటే ఎక్కువ, తక్కువ) పూసలు గుచ్చినట్టు కనిపిస్తుంది. అది ఎక్కడుందో ముందే తెలిస్తే దాన్ని కాలువ అనుకుని మోసపోరు. నేలలోకి ఆగర్ (మట్టి నమూనా తీసే చేతి బర్మా) దించే ముందు, అమెరికాలో భూగర్భ పైపులు, తీగల సమాచారం ఇచ్చే 811కు ఫోన్ చేసి లైన్లు గుర్తు పెట్టించడం ఎలాగూ తప్పదు. ఫాలింగ్ క్రీక్ స్థలం ఇప్పుడు చెస్టర్‌ఫీల్డ్ కౌంటీ పార్కు. అనుమతి లేకుండా అక్కడ ఏ పనీ మొదలుపెట్టకూడదు, మెటల్ డిటెక్టర్ అసలే వద్దు.

ఇక మాగ్నెటోమీటర్. బార్టింగ్‌టన్ గ్రాడ్601 లాంటి రెండు సెన్సర్ల ఫ్లక్స్‌గేట్ గ్రేడియోమీటర్ (పైనా కిందా క్షేత్రం తేడా కొలిచే మాగ్నెటోమీటర్) అయితే గ్రిడ్ 20×20 మీటర్లు, లైన్ల మధ్య 0.5 మీ., లైను వెంట రీడింగు 0.125 మీటర్లకు ఒకటి. కొలిమి ఉండొచ్చని తోచిన 40×40 మీటర్లలో లైన్ల దూరం 0.25 మీటర్లకు తగ్గించండి. పని రెట్టింపవుతుంది, కానీ చక్రపు గుంత వెడల్పు మీటరు, మీటరున్నరకు మించకపోవచ్చు. 0.5 మీటర్ల లైన్లలో అది రెండు మూడు లైన్లకే తగులుతుంది, ఆకారం తేలదు. గ్రిడ్‌ను వాగుకు సమాంతరంగా కాకుండా 30 డిగ్రీలు వాలుగా వేయండి. నడక చారలు లైన్ల దిక్కులోనే పడతాయి, గోడలు కూడా అదే దిక్కులో ఉంటే రెంటినీ విడదీయలేరు. చెట్ల కింద జీపీఎస్ నమ్మకంగా పనిచేయదు. గ్రిడ్ మూలలు టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) పెట్టి, సర్వే పరిధి బయట శాశ్వత గుర్తులు పాతండి.

పరికరాన్ని సున్నా చేసే, అంటే సెన్సర్లను సరిపోల్చి రీడింగును సున్నాకు తెచ్చే, చోటు ఎంపికలో ఇలాంటి స్థలాల్లో చాలా సర్వేలు పాడవుతాయి. మామూలు పొలంలో గ్రిడ్ మూలన ఎక్కడైనా సున్నా చేసుకోవచ్చు. ఇక్కడ కాలు పెట్టిన ప్రతి చోటా చిట్టెం ముక్కలుంటాయి. ముందు స్కాన్ మోడ్‌లో తిరుగుతూ, 2 మీటర్ల వ్యాసార్థంలో రీడింగు 1 నానోటెస్లాకు (అయస్కాంత క్షేత్రం కొలత) మించి మారని చోటు వెతకండి. అది 100 మీటర్ల దూరంలో దొరికినా సరే, అక్కడికే వెళ్లి సున్నా చేయండి. పరికరం ఆన్ చేసిన తర్వాత కనీసం 20 నిమిషాలు బయటి ఉష్ణోగ్రతకు అలవాటు పడనివ్వండి. ఎండలోంచి నీడలోకి వెళ్తే డ్రిఫ్ట్ (రీడింగు దానంతటదే జరిగిపోవడం) వస్తుంది, కాబట్టి ప్రతి గ్రిడ్‌కూ మళ్లీ అక్కడికి తిరిగి వచ్చి చూడాల్సిందే. పట్టుకుని నడిచే మనిషి ఒంటి మీద ఇనుము ఉండకూడదు: బెల్టు బకిల్, బూట్లలో ఉక్కు, కళ్లజోడు ఫ్రేము, ఫోను, తాళాలు. సెన్సర్‌ను స్టాండు మీద నిలిపి, ఆ మనిషిని చుట్టూ తిరగమనండి. రీడింగు కదిలితే ఇంకా ఏదో ఒంటి మీద ఉన్నట్టే.

రేంజ్ విషయం కూడా మర్చిపోవద్దు. మామూలు పురావస్తు స్థలంలో పూడిన గుంత 1 నుంచి 10 నానోటెస్లాలు ఇస్తుంది, పొయ్యి పదుల్లో ఇస్తుంది. ఇక్కడ వందలు, వేలు వస్తాయి. పరికరం 100 రేంజ్‌లో ఉంటే కొలిమి మీద రీడింగులు పైకప్పుకు కొట్టుకుని చదునుగా కోసేసినట్టు వస్తాయి, ఆ తర్వాత ఆకారాన్ని తిరిగి తెచ్చుకునే మార్గం లేదు. మొదటి రోజే 1000 లేదా అంతకంటే పై రేంజ్‌కు మార్చండి. సూక్ష్మత కొంత తగ్గినా ఇక్కడ నష్టమేమీ లేదు.

సిగ్నల్ చదవడానికి రెండు విషయాలు మనసులో పెట్టుకోవాలి. ఒకటి, చిట్టెం అంతా ఒకటి కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ చిట్టెం గాజులా ఉంటుంది, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగుల్లో, బుడగలతో, తేలికగా. దానిలో ఇనుము కొద్దిశాతమే, అయస్కాంతానికి సాధారణంగా అంటుకోదు. లోపల ఇనుప బొట్లు చిక్కుకుంటే తప్ప మాగ్నెటోమీటర్‌కు పెద్దగా కనపడదు. దుక్క ఇనుమును మళ్లీ కాచి, నీటి సమ్మెటతో కొట్టి చేత ఇనుము చేసే ఫోర్జ్ చిట్టెం దీనికి వ్యతిరేకం: నల్లగా, బరువుగా, తుప్పు పట్టి, సగం దాకా ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. అందుకే ఫాలింగ్ క్రీక్ లాంటి చోట క్యారీ కాలపు ఫోర్జ్ తొలి కొలిమిని సిగ్నల్‌లో ముంచేయగలదు.

రెండోది, కాలిన కట్టడం, పారబోసిన కుప్ప, వీటి మధ్య తేడా. మట్టి, రాయి, ఇటుక 580 డిగ్రీలు దాటి కాలి, కదలకుండా అక్కడే చల్లారితే, లోపలి మ్యాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) అప్పటి భూ అయస్కాంత క్షేత్రం దిక్కునే పట్టుకుని ఉంటుంది. కట్టడం అంతా ఒకే దిక్కున ఉంటుంది కాబట్టి మ్యాపులో ఒకే పెద్ద ఆకారం వస్తుంది: దక్షిణం వైపు బలమైన ప్లస్, ఉత్తరం వైపు దానికంటే బలహీనమైన మైనస్. వర్జీనియాలో క్షేత్రం నేలకు 60 డిగ్రీలకు పైగా వాలి ఉంటుంది కాబట్టి ప్లస్ శిఖరం కట్టడానికి కాస్త దక్షిణంగా, దాదాపు దాని మీదే కూర్చుంటుంది. చిట్టెం కుప్పలో ప్రతి ముక్కా పడేటప్పుడు పొర్లింది కాబట్టి ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తుంది. అక్కడ వచ్చేది చిన్న చిన్న ప్లస్ మైనస్ చుక్కల గజిబిజి. 300 నానోటెస్లాల చక్కని ఒంటరి ఆకారం దొరికితే, 2000 నానోటెస్లాల గజిబిజి కంటే దానికే ముందు ప్రాధాన్యం ఇవ్వండి.

అయితే దిక్కు సరిపోయినంత మాత్రాన కొలిమి అయిపోదు. కొలిమి అడుగున గడ్డకట్టి మిగిలిపోయిన ఇనుప ముద్ద ఉంటే అది కట్టడం సిగ్నల్‌ను చెరిపేసి ఎటో చూసే పెద్ద డైపోల్ (ప్లస్ మైనస్ జంట) ఇస్తుంది. అది కొలిమికి మంచి సాక్ష్యమే, కానీ దిక్కు పరీక్షలో తప్పుతుంది. అటుపక్క పాతిపెట్టిన ఇంజన్ బ్లాకు కూడా అలాగే కనిపిస్తుంది. ఈ రెంటినీ మ్యాగ్నెటిక్స్ ఒక్కటే విడదీయలేదు. దిక్కు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త: ఇప్పుడు రిచ్‌మండ్ ప్రాంతంలో దిక్సూచి నిజ ఉత్తరానికి సుమారు 11 డిగ్రీలు పడమరకు చూపిస్తుంది. మ్యాపు మీద ఉత్తరపు బాణం దేనిదో రాయకపోతే తర్వాత చదివేవాళ్లు తప్పు కోణం కొలుస్తారు.

లోతు తెలుసుకోవడానికి చవకైన పరీక్ష ఒకటుంది. టోటల్ ఫీల్డ్ మాగ్నెటోమీటర్, ఉదాహరణకు సీజియం వేపర్ పరికరం దొరికితే, అనుమానం ఉన్న ఆకారం మీదుగా రెండుసార్లు నడవండి: సెన్సర్ నేలకు 0.3 మీటర్ల ఎత్తులో ఒకసారి, 1 మీటరు ఎత్తులో ఇంకోసారి. చిన్న ముద్దలాంటి వస్తువు సిగ్నల్ దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. వస్తువు 0.2 మీటర్ల లోతులో ఉంటే దూరం 0.5 నుంచి 1.2 మీటర్లకు పెరిగి, సిగ్నల్ మొదటి దానిలో 7 శాతానికి పడిపోతుంది. అదే 1.5 మీటర్ల లోతులో ఉంటే దూరం 1.8 నుంచి 2.5 అవుతుంది, సిగ్నల్ 37 శాతం మిగులుతుంది. పైపై చెత్త ఎగిరిపోతుంది, లోతైన పెద్ద వస్తువు నిలబడుతుంది. కొలిమి అడుగు భాగం వరద ఒండ్రు కింద ఉండే స్థలంలో ఈ ఒక్క పూట పని చాలా అనుమానాలు తీరుస్తుంది.

ప్రాసెసింగ్‌లో జీరో మీన్ ట్రావర్స్ మీటను కళ్లుమూసుకుని నొక్కకండి. ఆ పద్ధతి ప్రతి లైను సగటునూ సున్నా చేస్తుంది. కొలిమి మీదుగా వెళ్లిన లైను సగటు నిజంగానే ఎక్కువ, దాన్ని సున్నాకు లాగితే ఆ లైను పొడవునా లేని మైనస్ చార పుడుతుంది, జనం దాన్ని కందకం అని రాస్తారు. సగటు బదులు మీడియన్ వాడండి, అదీ ప్లస్ మైనస్ 5 నానోటెస్లాల లోపు రీడింగులతోనే లెక్కించండి. లైను మొత్తంలో అలాంటి రీడింగులు పావు వంతు కూడా లేకపోతే ఆ లైనును ముట్టుకోకండి. మ్యాపును ఒకే స్కేల్‌లో కాకుండా ప్లస్ మైనస్ 10, 100, 1000 అని మూడింటిలో అచ్చు వేసి పక్కపక్కన పెట్టి చూడండి. బలహీనమైన కాలువ గట్టు మొదటి దాంట్లో కనిపిస్తుంది, కొలిమి ఆకారం మూడో దాంట్లో.

నేల మ్యాగ్నెటిక్ ససెప్టిబిలిటీ (మట్టి ఎంత తేలికగా అయస్కాంతానికి స్పందిస్తుందో) కొలవడం నెమ్మది పనే అయినా ఇక్కడ దాని విలువ పెద్దది. బార్టింగ్‌టన్ ఎంఎస్2 మీటరుకు 18.5 సెం.మీ. వలయం తగిలిస్తే పై 10 సెం.మీ. లోపు మట్టినే అది చూస్తుంది. వరద ఒండ్రు కప్పిన చోట అందువల్ల ఉపయోగం ఉండదు, మిట్ట మీద మాత్రం బాగా పనికొస్తుంది. చిత్తడి నేలల్లో దొరికే ఇనుప ఖనిజం పచ్చిగా ఉన్నప్పుడు అయస్కాంతానికి దాదాపు స్పందించదు. కొలిమిలో వేసే ముందు దాన్ని కర్రలతో కలిపి కాలుస్తారు, అప్పుడు అది మాగ్‌హీమైట్, మ్యాగ్నటైట్ అనే అయస్కాంత గుణమున్న ఆక్సైడ్లుగా మారి ససెప్టిబిలిటీ ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి మిట్ట మీద, కొలిమి నోటికి దగ్గర్లో, ఎక్కువ విలువలు ఒక గుంపుగా వస్తే అది ఖనిజం కాల్చిన చోటు కావచ్చు. 1 మీటరు గ్రిడ్ సరిపోతుంది. సమ్మెట కొట్టిన చోట రేకుల్లా రాలే పొలుసులు కూడా ఇలాగే పట్టుబడతాయి. అక్కడ గ్రిడ్ 0.5 మీటర్లకు తగ్గించి, ప్రతి చోటా గుప్పెడు మట్టి తీసి, ఎండబెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతంతో లాగి చూడండి. మట్టిలోంచి లేచి వచ్చే చదునైన నల్లని రేకులు సమ్మెట పనివి, గుండ్రని చిన్న పూసలు కరిగి చిందినవి. రెండూ తూచి విడివిడిగా రాసుకుంటే సమ్మెట దిమ్మ ఎక్కడుందో మ్యాపు మీద తేలుతుంది. వాటి లెక్క ఫోర్జ్‌కు సాక్ష్యం, బ్లాస్ట్ ఫర్నేస్‌కు కాదు. తొలి కాలాన్నీ తర్వాతి కాలాన్నీ విడదీయడానికి ఇంత చవకైన దారి ఇంకోటి లేదు.

నీళ్ల దారి దొరకాలంటే విద్యుత్ నిరోధం కొలవాలి. రెండు జతల ప్రోబుల పద్ధతిలో కదిలే ప్రోబుల మధ్య 0.5 మీ. దూరం ఉంటే దాదాపు 0.5 నుంచి 0.75 మీటర్ల లోతు కనిపిస్తుంది, 1 మీటరు ఉంటే దాదాపు 1 నుంచి 1.5 మీటర్లు. దూరంగా పాతే స్థిర ప్రోబులు కదిలే జతకు కనీసం 30 రెట్ల దూరంలో, అంటే 0.5 మీటర్లకు 15 మీటర్ల అవతల ఉండాలి. దగ్గరగా పెడితే గ్రిడ్‌కు గ్రిడ్‌కు మధ్య అంచులు కలవవు. పూడిన కాలువలో, చక్రపు గుంతలో తడి ఒండ్రు ఉంటుంది, నిరోధం తక్కువ. రాతి గోడలది ఎక్కువ. ఫాలింగ్ క్రీక్ ప్రాంతం గ్రానైట్ బండల మీదుగా వాగు కిందికి దూకే చోటు, బండ కూడా గోడలాగే ఎక్కువ నిరోధం చూపిస్తుంది. అందుకని ఎక్కువ నిరోధాన్ని నమ్మి గోడ గీయకండి. తక్కువ నిరోధపు సన్నని పట్టీని వెంబడించండి. బండలోంచి సూటిగా, ఒకే వెడల్పుతో నడిచే తడి పట్టీ ప్రకృతి పని కాదు.

ఆ పట్టీకి అడ్డంగా ఈఆర్‌టీ (విద్యుత్ నిరోధంతో నేల అడ్డుకోతను చూపే పద్ధతి) లైను వేయండి. 48 ఎలక్ట్రోడ్లు, 0.5 మీటర్ల దూరం, మొత్తం 23.5 మీటర్లు. ఇది సుమారు 4 మీటర్ల లోతు వరకు చూస్తుంది, చక్రపు గుంతకు అంత చాలు. ఆకులు పేరుకున్న ఎండు నేలలో ఎలక్ట్రోడ్‌కు సరిగా పట్టు దొరకదు. ప్రతిదాని దగ్గరా అర గ్లాసు ఉప్పునీళ్లు పోసి, కాంటాక్ట్ నిరోధం 2 కిలో ఓమ్‌ల లోపుకు దింపండి. ఒకే లైనుతో ఆగకుండా 2 మీటర్లకు ఒకటి చొప్పున కనీసం అయిదు లైన్లు వేయండి. గుంతకు రెండు చివరలూ తేలితే చక్రం ఎంత పెద్దదో, ఏ దిక్కున తిరిగిందో అంచనా వేయవచ్చు. పరికరంలో ఐపీ (ఇండ్యూస్డ్ పోలరైజేషన్) సదుపాయం ఉంటే అదే లైన్లలో దాన్ని కూడా కొలవండి. లోహ రేణువులు ఉన్న చిట్టెం కరెంటు ఆపిన తర్వాత కూడా కాసేపు వోల్టేజీ పట్టి ఉంచుతుంది. ఫ్రాన్స్‌లో పిరనీస్ కొండల్లోని కాస్తెల్-మినియే గని స్థలంలో చిట్టెం కుప్పల పరిమాణాన్ని ఈ పద్ధతితోనే లెక్కించారు. అయితే గాజు చిట్టెం ఐపీకి కూడా బలహీనంగానే స్పందిస్తుంది, ఫోర్జ్ చిట్టెం బలంగా.

జీపీఆర్ (నేలలోకి తరంగాలు పంపే రాడార్) గురించి ఆశలు తగ్గించుకోవాలి. తడి బంకమట్టి రాడార్ తరంగాన్ని తాగేస్తుంది. వాగు ఒడ్డున 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా మీటరు లోతు చూస్తే గొప్పే. మిట్ట మీద, ఇసుక కలిసిన నేలలో మాత్రం మంచి ఫలితం ఇస్తుంది. లైన్ల దూరం 0.25 మీ., రెండు దిక్కుల్లోనూ. వేగాన్ని పుస్తకంలోంచి తీసుకోకుండా అక్కడి హైపర్బోలాలతో (రాళ్లలాంటి వస్తువులు రాడార్ చిత్రంలో ఇచ్చే వంపు గీతలతో) సరిచూడండి. వేగం నానోసెకనుకు 0.07 మీటర్లయితే 40 నానోసెకన్ల దగ్గర కనిపించేది 1.4 మీటర్ల లోతు. వేగం 0.1 అనుకుని లెక్కిస్తే 2 మీటర్లని వస్తుంది, కందకం తవ్వేవాళ్లు దాన్ని దాటి కిందికి వెళ్లిపోతారు. చిట్టెం కుప్పలో పొరలు కనిపించవు, అంతా చెదిరిన ప్రతిధ్వనులే, కానీ కుప్ప అంచు స్పష్టంగా తెలుస్తుంది. కొలిమి పునాది చదునైన చతురస్రాకార ప్రతిబింబంగా రావాలి. ఇనుప ముద్ద ఉంటే దాని కింద ఒకే దూరంలో మళ్లీ మళ్లీ గీతలు మోగుతూ కిందిదాకా పోతాయి. నానిన చెక్కకూ నానిన ఒండ్రుకూ మధ్య తేడా చాలా తక్కువ కాబట్టి రాడార్‌లో చెక్క కనపడలేదంటే అక్కడ చెక్క లేదని రాయకూడదు.

ఏ రుతువులో చేయాలన్నది కూడా ఆలోచించాలి. వర్జీనియాలో డిసెంబరు నుంచి మార్చి వరకు ఆకులు రాలి ఉంటాయి, పాయిజన్ ఐవీ (తాకితే దద్దుర్లు తెచ్చే తీగ), పిడుదుల బెడద తక్కువ. మ్యాగ్నెటిక్స్‌కు అదే మంచి కాలం. నిరోధం సర్వేకు నేలలో తేమ తేడా ఉండాలి కాబట్టి, వారం పది రోజులు వాన లేని వసంతపు చివరి రోజులు మేలు. వాన పడిన మర్నాడు నిరోధం కొలిస్తే నేలంతా ఒకటిగా కనిపిస్తుంది. రోడ్డు పక్క ఇనుప రెయిలింగ్‌కు కనీసం 6 మీటర్ల దూరం, ఆగి ఉన్న కార్లకు కనీసం 20 మీటర్ల దూరం పాటించండి. పార్కింగ్ దగ్గర గ్రిడ్ ఉంటే తెల్లవారుజామున, కార్లు రాకముందు ముగించండి.

ఇవన్నీ కలిపి చూశాక తవ్వకానికి ముందు ఆగర్ తప్పనిసరి. 3 సెం.మీ. గౌజ్ ఆగర్‌తో (సగం గొట్టంలాంటి ఆగర్), అనుమానించిన కాలువకు అడ్డంగా మీటరుకొకటి చొప్పున దించండి. కాలువ అయితే ఒండ్రు, దాని అడుగున నల్లని బురద, బొగ్గు తునకలు, కొన్నిసార్లు చెక్క పీచు వస్తాయి. చెక్క తగిలితే అక్కడితో ఆపండి, ఇంకో చోట దించకండి. ఆ చెక్కలో చెట్టు ఉంగరాలు మిగిలి ఉంటే అదే మీకు తేదీ చెప్పే వస్తువు, దాన్ని ఆగర్‌తో చిల్లులు పొడవడం అన్యాయం. కొలిమి అనుకున్న ఆకారం అంచున, మధ్యలో కాకుండా, రెండు మూడు చోట్ల దించండి. గులాబీ, ఎరుపు రంగుకు మారిన మట్టి, దాని మీద గాజు చిట్టెం, దాని మీద వరద ఇసుక, ఈ వరుసలో వస్తే మీరు వెతికే కాలానికి దగ్గరగా ఉన్నట్టు. ఎర్ర మట్టి కింద కూడా ఫోర్జ్ చిట్టెం వచ్చిందంటే ఆ కట్టడం తర్వాతి కాలానిది.

మొదటి కందకం కొలిమి నడి మధ్యలో వేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. కొలిమికీ చక్రపు గుంతకూ మధ్య, తిత్తులు ఉండాల్సిన పక్కన వేయండి. కొలిమి గోడ, కాలువ అంచు, తిత్తుల నేల మూడూ ఒకే కోతలో కనిపిస్తాయి, ఏది ముందు ఏది తర్వాతో పొరలు చెబుతాయి. కాలిన అడుగు భాగం ముట్టుకోకుండా మిగులుతుంది, పురాతన అయస్కాంత దిక్కు కొలిచి తేదీ కట్టడానికి అది కావాలి.

ఇక్కడ చదివేవాళ్లలో తెలంగాణ, ఆంధ్రలో ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లు ఉండొచ్చు. మూసల్లో ఉక్కు తీసిన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కావచ్చు, తమిళనాడు తీరంలో 1830లో జోసయా మార్షల్ హీత్ మొదలుపెట్టిన పోర్టోనోవో కార్ఖానా కావచ్చు. పైన చెప్పిన నడక, గ్రిడ్, ప్రాసెసింగ్ అన్నీ పనికొస్తాయి, కానీ మ్యాపు చదవడం మారుతుంది. హైదరాబాద్ దగ్గర క్షేత్రం నేలకు 20 డిగ్రీల పైచిలుకు మాత్రమే వాలి ఉంటుంది, దక్షిణానికి పోయేకొద్దీ ఇంకా చదునవుతుంది. అందువల్ల ఉత్తరపు మైనస్ వర్జీనియాలోలా బలహీనంగా ఉండదు, చాలా బలపడుతుంది, టోటల్ ఫీల్డ్ పరికరంతో కొలిస్తే ప్లస్‌ను మించి కూడా ఉండొచ్చు. కట్టడం ప్లస్ కింద కాక ఆ రెంటి మధ్య ఉంటుంది. ప్లస్ శిఖరం మీద కందకం వేస్తే కొలిమికి దక్షిణంగా ఖాళీ మట్టి తవ్వుతారు. ఉత్తర దక్షిణాలుగా సాగే గోడ చివర్లలో తప్ప మధ్యలో సరిగా కనిపించదు, తూర్పు పడమరల గోడ బాగా కనిపిస్తుంది. పైగా తెలంగాణ గ్రానైట్‌ను కోసుకుంటూ పోయే డాలరైట్ డైకులు (నల్లరాతి గోడల్లాంటి చొరబాట్లు) పెద్ద అయస్కాంత పట్టీలు ఇస్తాయి. వాటి గమనం జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో ముందే చూసుకుని, సున్నా చేసే చోటును వాటికి దూరంగా పెట్టుకోవాలి. రక్షిత స్మారకమైతే సర్వేకు కూడా పురావస్తు శాఖ అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోండి, దరఖాస్తుతో పాటు గ్రిడ్ ప్లాను, ఏ పరికరం నేలను గుచ్చుతుంది, ఏది గుచ్చదు అన్న వివరం జత చేయండి.